పదమూడేళ్ళ పిల్లకు పెద్దల లెక్క

చీమక్క అసలు పేరు ఆ ల్యాబ్‌లో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్ళుగా సూది గుచ్చే ముందు పిల్లలతో "చీమ కుట్టినంతే నాన్నా" అని చెప్పి చెప్పి ఆ పేరు తెచ్చుకుంది. రక్తం తీయడం, పరీక్ష నడపడం, రిపోర్టు మీద సంతకం పెట్టడం అన్నీ ఆమె పనే. ఎవరిమీదా గొంతు లేపి ఎరగదు, ఆ మంగళవారం దాకా.

ఆ పొద్దున బస్సు కండక్టరుగా చేసే ఒకావిడ, డ్యూటీ దుస్తుల్లోనే, కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. ఏడాదిలో పిల్ల బెత్తెడు పొడుగు పెరిగిందని పోయిన నెల డాక్టరు ఎదుగుదల హార్మోనుకు సంబంధించిన రక్తపరీక్ష రాశాడు. ఇప్పుడు మళ్ళీ చేయించుకోవాలని వచ్చారు. చీమక్క పిల్ల చెయ్యి పట్టుకుంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఎంత తడిమినా నరం దొరకలేదు.

"ఏమ్మా, అన్నం తినట్లేదా?"

పిల్ల తల వంచుకుంది. తల్లే అందుకుంది.

"మూడు వారాలైందక్కా సరిగ్గా తిని. తింటే ఇంకా పెరిగిపోతానని దీని భయం. మొన్న బళ్ళో కళ్ళు తిరిగి పడిపోయింది. తలలో గడ్డ ఉందేమోనని మా ఆయన కుమిలిపోతున్నాడు. డాక్టరుగారేమో నెలాఖరుదాకా రారట. మీ కాగితం చూసినప్పట్నుంచీ మాకెవరికీ ముద్ద దిగట్లేదు."

సంచిలోంచి రిపోర్టు తీసి ఇచ్చింది. నాలుగువందల యాభై రెండు. పక్కన ఎర్రగా పైకి బాణం. కింద, ఉండవలసినది నూట పది నుంచి రెండువందల ఎనభై అని.

అది నలభై ఏళ్ళవాళ్ళ లెక్క. ఈ అంకె పసితనంలో తక్కువగా ఉంటుంది. ఈడొచ్చే వయసులో నిచ్చెనెక్కినట్టు పైకి పోతుంది. ఇరవై దాటాక ఒక్కో మెట్టూ దిగుతూ ముసలితనానికి అడుగంటుతుంది. పదమూడేళ్ళ పిల్లకు నాలుగువందల యాభై నిక్షేపంలాంటి అంకె.

చీమక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. సిరంజి పక్కన పెట్టేసింది.

"రక్తం తీయను. ఈ అంకె చూసి భయపడక్కర్లేదమ్మా, ఈ వయసులో ఇంతే ఉంటుంది. తప్పు మా కాగితంలో ఉంది. ఆ మాట రాసిస్తాను, డాక్టరుగారికి చూపించు. నువ్వు ముందు కడుపునిండా తిను తల్లీ."

రాసిచ్చి, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, పిల్లల రిపోర్టుల్లో పెద్దల లెక్క పడుతోందని మళ్ళీ చెప్పింది.

"మీరు ఇదివరకు రెండుసార్లు చెప్పారు మేడం, గుర్తుంది," అన్నాడాయన, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా. "సాఫ్ట్‌వేర్‌లో ఉండవలసిన అంకెకు ఒక్కటే గడి ఉంది, ఏ వయసుకైనా అదే. వయసు సంగతి డాక్టర్లు చూసుకుంటారు కదా."

"డాక్టరు కంటే ముందు తల్లి చూస్తుంది సార్. పిల్ల చూస్తుంది. చూసి తిండి మానేసింది."

"ఇంత చిన్న విషయానికి గొంతు పెంచకండి."

"ఇన్నాళ్ళూ పెంచనందుకే ఇక్కడిదాకా వచ్చింది. అది మారేదాకా నా సంతకం పడదు."

పడలేదు. మధ్యాహ్నానికి రిపోర్టులు అందక కౌంటరు ముందు జనం పోగయ్యారు. ఎందుకు ఆలస్యమని అడిగినవాళ్ళందరికీ ఆమే ఉన్నదున్నట్టు చెప్పింది. మేనేజరు పళ్ళు నూరుకుంటూ ఫోన్ చేశాడు. సాయంత్రానికి సాఫ్ట్‌వేర్ మనిషి పరిగెత్తుకొచ్చి, వయసులవారీగా పట్టిక ఎక్కించాడు. చీమక్క పక్కనే కూర్చుని వరుస వరుసా చదివి, అరవై దాటినవాళ్ళకూ నలభైల లెక్కే పెట్టాడని పట్టుకుని, దిద్దించాకే లేచింది.

కండక్టరు కూతురు ఆ మధ్యాహ్నమే బస్టాండులో రెండు బన్నులు తిందని తర్వాత తెలిసింది. ఒంట్లోకి సత్తువ రావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

కోపం అక్కడితో చల్లారలేదు. మర్నాడు రెండేళ్ళ పాత రిపోర్టులు తిరగేస్తే ఎర్ర బాణం పడిన పిల్లలు ముప్పై ఏడుగురు తేలారు. ఒక్కో ఇంటికీ తనే ఫోన్ చేసింది. కొందరు ఊపిరి పీల్చుకున్నారు. కొందరికి ఆ సంగతే గుర్తులేదు. ఒక తండ్రి మాత్రం, కొడుకుని ఆరు నెలలు ఆటలు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టామని చెప్పి అడిగాడు.

"ఆ రిపోర్టు మీద సంతకం ఎవరిది?"

"నాదే అన్నా."

ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. అడ్డు చెప్పకుండా చివరిదాకా వింది. ఆయన ఫోన్ పెట్టేశాక జాబితాలో ఆ పేరు పెన్సిలుతో కొట్టేసి, కింది నంబరు చూసి నొక్కింది.