ఇద్వల్ చెవికి తిరుగులేదు

రాతి క్వారీల ఊరు బెథెస్డాలో ఇళ్లకు రాతిపలకల కప్పు వేసే ఇద్వల్‌కి తన చెవంటే మహా గురి. పలకను వేలి కణుపుతో కొడతాడు. ఖంగుమంటే వందేళ్లు వానకూ మంచుకూ జంకని రాయి. డబ్‌మంటే లోపల పగులుంది, తొలి చలికే చీలిపోతుంది. నలభై ఏళ్లుగా ఆ చెవి పేరు చెప్పుకునే బతికాడు.

ఆ వసంతం నుంచి పలకలన్నీ డబ్‌డబ్‌మంటున్నాయి. తప్పు క్వారీదేనని తేల్చేశాడు మహానుభావుడు. చెవి పోయిందని ఒప్పుకుంటే నిచ్చెన దిగాల్సిందే మరి! తను ప్రతి ఆదివారం వెళ్లే ప్రార్థన మందిరానికే కప్పు వేసే పని వచ్చింది, దిగుతాడా?

సగం లోడు పక్కన పారేశాడు.

"ఏంట్రా గెథిన్, రాళ్లు అయిపోయి బిస్కెట్లు పంపుతున్నారా?" అని లారీ తెచ్చినవాణ్ణి కడిగేశాడు.

గెథిన్ పారేసిన పలకొకటి తీసి కొట్టాడు. "బాబాయ్, గంటలా మోగుతోంది కదా!" తరవాత ఇద్వల్ మంచివని పేర్చిన వాటిలో పైదాన్ని మూల పట్టుకుని లేపాడు. అది రెండు ముక్కలైంది.

ఇద్వల్‌కి తల కొట్టేసినట్టయింది. అందాజుగా ఏరుతున్నానని తనకు తెలుసు. ఇప్పుడు గెథిన్‌కీ తెలిసింది.

మందిరం మెట్ల మీద స్వెటర్ అల్లుకుంటున్న భార్య నెస్టా లేచొచ్చి, అతని చెవి దగ్గర నోరు పెట్టింది. "రెండేళ్ల నుంచీ నాకు తెలుసులే. నేనేం చెప్పినా 'ఊఁ' అంటుంటే సుఖంగా ఉందని ఊరుకున్నా. నువ్వు కొట్టు, నేను వింటా."

"ఊరంతా నవ్వుతారే!"

"ఇప్పుడు మాత్రం ఏడుస్తున్నారా?"

వారం పాటు అతను కొట్టాడు, ఆమె తలూపింది. వేళ్లకేం చెవుడు రాలేదు కాబట్టి మందం తడిమి చూసి, దళసరివి చూరుకీ పలచనివి పైకీ వేశాడు. మేకు బిగిస్తే పలక చిట్లుతుందని వదులుగానే వేలాడదీశాడు.

కప్పు పూర్తయ్యాక మొదటి ఆదివారం మందిరంలో అందరూ తలలు వంచి మౌనంగా ప్రార్థిస్తున్నారు. కిటికీ అద్దం మీద నీళ్లు కారడం ఇద్వల్ కంటపడింది.

"వాన పెద్దదేనా?" అన్నాడు, తనకు తెలియకుండానే గావుకేక పెట్టి.

మందిరమంతా వెనక్కి తిరిగింది. ఇద్వల్ చెవులు ఎర్రబడ్డాయి, ఆ పనికైనా పనికొచ్చాయి.

పదకొండేళ్లుగా సరిగ్గా వాళ్ల బెంచీ మీదే కప్పు కారేది. నెస్టా అతని చేయి లాక్కుని అక్కడే వెల్లకిలా పెట్టి, ప్రార్థన ముగిసేదాకా పట్టుకుంది. అరచేయి పొడిగానే ఉంది.