ఒక రోజు ముందే పడిన సూది

దయ్యం, గాలి, చేతబడి అని ఎవరైనా నా ముందర మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒకరింట్లో వంట చేసినదాన్ని. ఆ ఇంటి ముసలామె పోయిన గదిలోనే రెండేళ్ళు పడుకున్నాను. ఏనాడూ ఉలిక్కిపడి లేచింది లేదు. భయపడితే బతికున్న మనుషులను చూసి భయపడాలి గానీ లేనిదానికి భయమెందుకు అనేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడం లేదు. నాకు జరిగింది చెబుతాను. నమ్మమని ఎవరి గడ్డమూ పట్టుకోను.

నాకు ఒక్కతే చెల్లెలు, రెడ్డెమ్మ. నాకంటే ఆరేళ్ళు చిన్నది. మోకాళ్ళు అరిగిపోయి నేను కడపకు తిరిగొచ్చేసిన మరుసటి ఏడాది, అది కువైట్ పోయింది. మొగుడు లేడు. కూతురు గీతను డిగ్రీ చదివించాలని దాని పట్టుదల. పిల్లను నా దగ్గర వదిలి విమానమెక్కింది.

అది పోయిన ఇల్లు మంచిది కాదు. తిండి సరిగా పెట్టక, తలుపుకు తాళం వేసి ఉంచేవాళ్ళు. ఎనిమిది నెలలు ఓర్చుకుని, ఒకరోజు చెత్త పారేయడానికి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోలేదు. పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఇలా వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి కాగితాలు లేకుండా బతికేవాళ్ళను అక్కడ మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. నాలుగిళ్ళలో పని చేసుకుంటూ, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళతో ఒక గదిలో ఉండేది. జీతం బాగానే వచ్చేది. జ్వరమొస్తేనే కష్టం. ఆస్పత్రికి పోతే అక్కడి గుర్తింపు కార్డు అడుగుతారని, పోలీసులకు పట్టిస్తారని భయం.

ఇట్లాంటి వాళ్ళ కోసం అక్కడొక మనిషి ఉన్నాడు. అందరం కాంపౌండరు అనేవాళ్ళం. రాయచోటి వైపు మనిషి. శుక్రవారం సెలవు రోజు, ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు గదిలో మంచం వేసుకుని కూర్చునేవాడు. గోడకు సర్టిఫికెట్ లేదు, బయట బోర్డు లేదు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సంచుల్లో తెప్పించుకున్న మందులు బిస్కెట్ల డబ్బాలో పెట్టుకునేవాడు. ఏ జబ్బయినా సూది వేసేవాడు. మనకు కావలసింది అదే కదా. మాత్రలు రాసిచ్చి పంపితే ఆ డాక్టరుకు ఏమీ తెలియదని మన లెక్క. సూది పడితేనే వైద్యం చేసినట్టు. పైగా ఆయన మన మాట మాట్లాడేవాడు. ‘ఏంకా, ఒళ్ళు నొప్పులా? కూర్చో’ అనేవాడు. పరాయి దేశంలో ఆ మాట వింటేనే సగం జ్వరం తగ్గేది. నాకు కార్డు ఉండీ, యజమాని ఆస్పత్రికి తీసుకుపోతానన్నా వినకుండా, నేను కూడా నాలుగుసార్లు ఆయనతోనే వేయించుకున్నాను. నాకేమీ కాలేదు. కాకపోవడమే మా కొంపకు చేటయింది.

ఇక ఆ గురువారం సంగతి.

కడపలో నేను ఇంట్లోనే ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి అమ్ముతాను. ఆ రోజు ఒక నిశ్చితార్థానికి రెండు వందలు చెప్పారు. పొద్దున పదిన్నర దాటింది. పొయ్యి ముందు కూర్చుని పిండి తడుతున్నాను. ఎడమ చేతికి, భుజం కింద, చురుక్కున దిగింది. చీమ కుట్టినట్టు కాదు, తేలు కుట్టినట్టు కాదు. కండలోకి సన్నగా దిగి, కాసేపు లోపలే ఉండి, బయటికి వచ్చినట్టు నాకు స్పష్టంగా తెలిసింది. ఆ తర్వాత లోపల చల్లగా ఏదో పాకింది. సూదులు వేయించుకున్నదాన్ని, ఆ చల్లదనం నాకు తెలుసు.

రవిక చేయి పైకి లాగి చూశాను. భుజానికి నాలుగు వేళ్ళ కింద ఒకే ఒక చుక్క, దాని మీద ఆవగింజంత నెత్తురు. పక్కింటి మాబున్ని నా కేక విని వచ్చింది. కందిరీగ ఏమోనని ఇద్దరం వంటిల్లంతా వెదికాం. పిండి గిన్నెలు ఎత్తి చూశాం, చాప దులిపాం. ఏమీ లేదు. ‘పురుగయితే చుట్టూ దద్దురు లేయాలి కదక్కా, ఇది యా పురుగూ కాదు’ అంది మాబున్ని.

మధ్యాహ్నానికి నిమ్మకాయంత గడ్డ కట్టింది. చేయి పైకి లేవలేదు. మిగిలిన ఓళిగలు మాబున్ని చేత చేయించి, నాలుగు గంటలకు మా పేటలోని ఆరోగ్య కేంద్రానికి పోయాను.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ. మాట తీరు చూస్తే కర్నూలు పిల్ల. చేయి పట్టుకుని నొక్కి చూసి, ఎవరేసినారమ్మా ఈ సూది అని అడిగింది. ఎవరూ వేయలేదని చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆమెకు కోపమొచ్చింది.

‘ఊర్లో ఆర్ఎంపీల కాడ పొడిపించుకునేది, గడ్డ లేసినాక ఈడికొచ్చి అబద్ధాలు చెప్పేది. ఒకపారి చీము పట్టి రక్తంలో కలిసిందంటే మనిషి దక్కరు. ఎన్నిసార్లు చెప్పినా మీరు మారరు.’

వరండాలో పదిమంది ఉన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నా వయసులో సగం లేదు ఆ పిల్లకు. చీటీ మీద ‘ఇంజెక్షన్ వేసిన చోట గడ్డ’ అని రాసి, మాత్రలిచ్చి పంపింది. ఆ చీటీ నా దగ్గరే ఉంది. దాని మీద గురువారం తేదీ ముద్ర ఉంది. ఎవరడిగినా చూపిస్తాను.

ఇల్లు చేరాను. చేయని తప్పుకు తిట్లు తిన్నాను కదా. డాక్టర్లంటేనే కసి పుట్టింది. ఆరు గంటలకు, సరిగ్గా ఆ మంటలో ఉన్నప్పుడు, రెడ్డెమ్మ ఫోన్ చేసింది. గీత అప్పటికి కాలేజీ నుంచి రాలేదు.

రెండు రోజులుగా జ్వరం, దగ్గు అంది. పక్క మంచం మలయాళీ ఆమె ఒక క్లినిక్ చెబుతోందట. లైసెన్సు ఉన్న డాక్టరట, కార్డు లేకపోయినా చూస్తాడట. ‘ఆడికే పోతానుకా, నాకు ఎందుకో ఆ కాంపౌండరు దగ్గరికి పోబుద్ధి కాలేదు’ అంది.

నా చేయి సలుపుతూనే ఉంది. గడ్డ మీద తడిగుడ్డ పెట్టుకుని మాట్లాడుతున్నాను.

‘గమ్మునుండు మేయ్. డాక్టర్లకు మనమంటే కుక్కల కింద లెక్క. నిన్ను తిట్టి, పోలీసులకు పట్టిస్తే ఎవరు దిక్కు? రేపు శుక్రవారమే కదా. మనోడి దగ్గరికి పోయి ఒక సూది ఏయించుకో, పొద్దునకు లేసి తిరుగుతావు’ అన్నాను.

అది సరే అక్కా అంది. చిన్నప్పటి నుంచీ నా మాటకు ఎదురు చెప్పింది కాదు. నా చేతి సంగతి దానికి చెప్పలేదు. పురుగు కుట్టిందని చెప్పి భయపెట్టడమెందుకు అనుకున్నాను.

మరునాడు శుక్రవారం. సాయంత్రం నాలుగు గంటలప్పుడు మాబున్నితో మాట్లాడుతూ గడప మీద కూర్చున్నాను. సలుపు ఒక్కసారిగా ఆగిపోయింది. గడ్డను ముట్టుకుంటే మెత్తబడింది. చేయి పైకి ఎత్తితే లేచింది. మాబున్ని కూడా చూసింది. మాత్రలు పనిచేశాయి అనుకున్నాం. రాత్రికి గడ్డే లేదు. చుక్క మాత్రం నల్లగా మిగిలింది.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. జుమ్మా నమాజు అయిపోయాక, ఒకటిన్నరకు, తనకు సూది వేశాడని రెడ్డెమ్మ ఫోన్‌లో చెప్పింది. లెక్క వేసుకోండి. నేను ఆ రోజు ఆ లెక్క వేసుకోలేదు.

ఆదివారం అది ఫోటో పంపింది. ఎడమ చేయి, భుజానికి నాలుగు వేళ్ళ కింద, నిమ్మకాయంత గడ్డ. ఫోన్ పక్కన పెట్టి నా చేయి చూసుకున్నాను. మళ్ళీ ఫోటో చూశాను. వెంటనే ఫోన్ చేసి పెద్దాస్పత్రికి పొమ్మని ఏడ్చాను. ఈసారి అది వినలేదు. కాంపౌండరు వేడినీళ్ళ కాపడం పెట్టమన్నాడట, ఇంకో సూది వేస్తే కరిగిపోతుందన్నాడట. ‘నువ్వే కదకా పోలీసులకు పట్టిస్తారంటివి’ అంది.

బుధవారం అది పనిచేసే ఇంట్లో స్పృహ తప్పి పడిపోయింది. గదిలో వాళ్ళు టాక్సీలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఇది వినండి. అక్కడ కార్డు గురించి ఎవరూ అడగలేదు. నేరుగా లోపలికి తీసుకుపోయి మంచమిచ్చి, సెలైన్ పెట్టారు. ఇన్నేళ్ళు మేము ఒకరికొకరం చెప్పుకుని పెంచుకున్న భయమంతా ఆ గుమ్మం దగ్గరే తేలిపోయింది. కానీ చీము రక్తంలో కలిసిపోయింది. మూడో రోజు రెడ్డెమ్మ పోయింది. కర్నూలు పిల్ల నాకు చెప్పిన మాటే అక్కడి డాక్టర్లూ చెప్పారు.

కాంపౌండరు ఫోన్ ఆపేశాడు, గది ఖాళీ చేశాడు. తర్వాత తెలిసింది, వాడు కాంపౌండరు కూడా కాదు. రాయచోటి దగ్గర ఒక డాక్టరు గదిలో చీటీలు అందించి, నేల తుడిచేవాడట. అది కనుక్కోవడానికి నాకు రెండు ఫోన్లు సరిపోయాయి. ఆ రెండు ఫోన్లు తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. మనూరోడు అంటే చాలు, ఇంకేమీ అడగం. పాడు బుద్ధి.

ఇరవై రెండు రోజులకు కువైట్ నుంచి శవపెట్టె వచ్చింది. నీళ్ళు పోసేటప్పుడు ఎడమ చేయి నేనే పట్టుకున్నాను. కోసి కట్టు కట్టిన చోటు, నా నల్ల చుక్క ఉన్న చోటు ఒకటే. పక్కపక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

చీటీ తీసుకుని ఇద్దరు డాక్టర్లకు చూపించాను. ఒకాయన ముల్లు గుచ్చుకుని ఉంటుందన్నాడు. ఇంకొకాయన మనసుకు సంబంధించిన మందులు రాశాడు. దర్గాలో ఒక పెద్దాయన మాత్రం నమ్మినట్టు తలూపాడు. ముల్లయితే, రెడ్డెమ్మకు సూది పడిన వేళకే నా గడ్డ ఎందుకు మెత్తబడింది? మనసు భ్రమ అయితే డాక్టరమ్మ చేతికి ఎట్లా తగిలింది? జరగబోయేది నా ఒంటి మీదికి ముందే ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఎంత తన్నుకున్నా అర్థం కాలేదు, కాదు కూడా. దాన్ని చేతి మీద పెట్టుకుని కూడా చెల్లెలిని వాడి దగ్గరికి పొమ్మన్నాను. అది తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఈ చుక్క సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. గురువారం సాయంత్రం ఫోన్ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం గీత అన్నం తింటూ అడిగింది.

‘పెద్దమ్మా, మాయమ్మను వాని దగ్గరికి పొమ్మని ఎవురు చెప్పింటారు?’

‘తెలీదమ్మా. ఆ గదిలో ఎవరో చెప్పింటారు’ అన్నాను.

పిల్ల అన్నంలో మజ్జిగ పోసుకుంది.

‘నువ్వు ఆడుండింటే పోనిచ్చేదానివి కాదు’ అంది.

ఔనన్నాను.