రాజవ్వ జాకెట్ మీది నంబరు

2023, వానాకాలం. పంజాగుట్టలో ఒక మొబైల్ కంపెనీ సేవాకేంద్రం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగకాలం ముగిశాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ కేంద్రంలో సాంకేతిక ఫిర్యాదుల కౌంటర్ దగ్గర చేరాను. ఏ ఫోను, ఏ ఇబ్బంది, ఏం చేశాం అని ప్రతి సాయంత్రం డైరీలో రాసుకోవడం ఎక్స్ఛేంజి రోజుల నుంచి అలవాటు. చాలా పేజీలు ఒకేలా ఉంటాయి. స్వరూప వచ్చిన రోజు పేజీ మాత్రం అలా లేదు.

ముప్పై అయిదేళ్లుంటాయి ఆమెకు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయి వచ్చింది. చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడను తీసుకొచ్చింది. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పెద్ద ఫోనొకటి నా ముందు పెట్టింది.

"సార్, గీ ఫోన్ల వైఫై కాలింగ్ పెట్టియ్యున్రి. ఎంత వెతికినా దొరుకుతలేదు."

వైఫై కాలింగ్ అంటే మామూలు ఫోన్ కాలే. టవర్ సిగ్నల్ అందని చోట, దగ్గర్లో ఉన్న వైఫై మీదుగా వస్తుంది, అంతే. అవతలివాళ్లు ఎప్పటిలాగే నంబరు నొక్కుతారు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసే మీట ఉండాల్సిన చోటు చూశాను. లేదు.

"ఈ ఫోను ఎక్కడ కొన్నారమ్మా?"

"మా తమ్ముడు దుబాయిల పనిచేస్తడు, ఆడికెళ్లి పంపిండు. మస్తు పైసలు పెట్టిండు సార్. మాతోని కుట్టే భాగ్యది గింత ఫోను, గాజు సుత పలిగింది. కానీ సెల్లార్ల దానిది మోగుతది, నాది మోగదు. గదెట్ల?"

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో ఒక భవనం సెల్లార్‌లో ఆమె పనిచేసే టైలరింగ్ యూనిట్ ఉంది. కింద యజమాని వైఫై ఉంది కానీ సిగ్నల్ రాదు. మెట్ల మధ్యలో ఒక్క గీత వస్తుందని అక్కడ మేకుకు గుడ్డసంచి తగిలించి అందరూ ఫోన్లు అందులో వేస్తారట. దారిన పోయేవాళ్లెవరైనా రింగు వింటే ఎత్తి, కిందికి కేకేయాలి. మిషన్లన్నీ నడుస్తుంటే ఆ కేక ఎవరికీ వినిపించదు.

నేను అలవాటు ప్రకారం అడిగాను. "సెల్లార్‌లో వైఫై ఉందన్నారు కదా. వాట్సాప్ కాల్ వస్తుంది. దానితో సరిపెట్టుకోకూడదా?"

ఆమె ముసలావిడ దగ్గరికి వెళ్లి, కొంగు కొంచెం జరిపి, జాకెట్ చేతి అంచు చూపించింది. ఎర్ర దారంతో గొలుసుకుట్టులో పది అంకెలు. ఎంత శ్రద్ధగా కుట్టిందంటే, దూరం నుంచి చూసి డిజైన్ అనుకున్నాను.

"మా అత్తమ్మ సార్, రాజవ్వ. మతి నిలుస్తలేదు. మాది సిరిసిల్ల, ఇంట్ల మగ్గాలుండె. ఇప్పటికీ నూలొస్తదని చూస్తది. జర కన్ను తప్పితే నూలు తేవాలని బయలెల్లుతది. గొలుసేస్తే తెంపుతది, చీటీ పెడితే పారేస్తది. జాకెట్టయితే ఇప్పుకోదు కదా, గందుకే అన్ని జాకెట్లకు కుట్టిన. చూసినోళ్లు ఈ నంబర్‌కి చేస్తరు. వాళ్లు వాట్సాప్ ఎందుకు చేస్తరు సార్, నంబర్ కొడతరు."

అంతకుముందు వారమే రాజవ్వ ఇల్లు దాటి పంజాగుట్ట దాకా నడిచి వచ్చిందట. ఒక చాయ్ బండాయన జాకెట్ చూసి ఎన్నిసార్లు ఫోన్ చేసినా, ఆ రోజు మెట్ల దగ్గర ఆ ఒక్క గీత కూడా లేక కలవలేదు. సాయంత్రం స్వరూప మెట్లెక్కి పైకి వచ్చాకే ఫోన్ మోగింది. అప్పటిదాకా వానలో ఆ బండి పరదా కింద ఆవిడ కూర్చునే ఉంది.

"ఆయన మంచోడు కాబట్టి కూసుండబెట్టిండు. అందరు గట్లుంటరా?"

కుర్చీలోంచి రాజవ్వ నన్ను పిలిచింది. "బిడ్డా, నూలొచ్చిందా?"

ఏం చెప్పాలో తెలియక స్వరూప వైపు చూశాను. "వస్తున్నదని చెప్పున్రి సార్. లేదంటే లేచి పోతది."

"వస్తున్నది అవ్వా," అన్నాను. ఆవిడ సర్దుకుని కూర్చుంది.

అప్పుడు పని మొదలుపెట్టాను. ఆమె సిమ్ తీసి, కేంద్రంలో పరీక్షకు ఉంచిన ఫోన్లో వేశాను. మీట కనిపించింది, వైఫై మీద కాల్ వచ్చింది. అంటే సిమ్‌లో లోపం లేదు. దుబాయి ఫోనులోనే ఉంది సంగతి.

వైఫై కాల్ రావాలంటే ఫోను ఇంటర్నెట్ మీదుగా కంపెనీ ఎక్స్ఛేంజి తలుపు తట్టి, సిమ్ గుర్తింపు చూపించాలి. ఏ తలుపు, ఎలా తట్టాలి అన్నది ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో కంపెనీకొకటి చొప్పున ముందే రాసి ఉంటుంది. వీటిని క్యారియర్ సెట్టింగ్స్ అంటారు. వేరే దేశంలో అమ్మడానికి చేసిన కొన్ని ఫోన్లలో అక్కడి కంపెనీలవి ఉంటాయి, మనవి ఉండవు. ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఆ తలుపు దానికి తెలియదు.

"అంటే మా తమ్ముడు పంపింది దండుగనా?" అంది ఆమె.

"దండుగ కాదమ్మా. ఇంట్లో, రోడ్డు మీద చక్కగా పనిచేస్తుంది. సెల్లార్‌కే పనికిరాదు. దీనికి ముందు ఏది వాడేవారు?"

"గా పాతది బీరువల ఉన్నది. భాగ్యా నేను ఒక్కనాడే ఒక్కతీరువే కొన్నం."

మర్నాడు అత్తమ్మను వెంటబెట్టుకుని ఆ ఫోన్ తెచ్చింది. నాకు ధైర్యం వచ్చింది. అదే మోడల్ భాగ్య దగ్గర మోగుతోంది కదా. సిమ్ వేశాను, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. మీట రాలేదు.

స్వరూప నా ముఖమే చూస్తోంది. "భాగ్య సిమ్ ఏ కంపెనీది?" అని అడిగాను. వేరే కంపెనీది. అక్కడ ముడి విడిపోయింది. ఫోన్ తయారుచేసినవాళ్లు సెట్టింగ్స్ పెట్టినంత మాత్రాన చాలదు. మొబైల్ కంపెనీ కూడా ఆ మోడల్‌ను పరీక్షించి, సరేనని తన జాబితాలో చేర్చుకోవాలి. ఆ కంపెనీ చేర్చుకుంది. మా కంపెనీ ఆ పాత మోడల్‌ను ఇంకా చేర్చుకోలేదు. ఎప్పుడు చేరుస్తారని పైవాళ్లకు మెయిల్ పెడితే, చెప్పలేమన్నారు.

కొత్త ఫోన్ కొనడం ఆమెకు కుదరని పని. నేను నెమ్మదిగా అన్నాను. "అమ్మా, ఈ పాత ఫోనే వాడండి. భాగ్య కంపెనీకి మారిపోండి."

ఆమె ఉలిక్కిపడింది. "అమ్మో, నంబర్ మారితే ఎట్ల సార్? అన్ని జాకెట్ల కుట్లిప్పాలె. ఇప్పి మళ్ల కుట్టేదాక అత్తమ్మను ఎట్ల బయటికి తెస్త?"

నంబరు మార్చుకోవడానికి భయపడినవాళ్లను చాలామందిని చూశాను, బ్యాంకు కోసం, గ్యాసు కోసం. కుట్లు విప్పాలని భయపడింది ఆమె ఒక్కతే. నంబరు అదే ఉంటుందని, కంపెనీ మాత్రమే మారుతుందని, దీన్ని పోర్ట్ చేయడం అంటారని చెప్పాను. ఆమె నమ్మలేదు. జాకెట్ అంకెలు వేలితో చూపిస్తూ, "గిదే? గీ చివర అంకెతో సహా?" అని మళ్లీ అడిగింది.

మా మేనేజర్ కిరణ్ వెనక నుంచి అంతా విన్నాడు. కాకినాడ అబ్బాయి. "ఏంటి గురువుగారూ, మన షాపులో కూర్చుని పక్క షాపుకి బేరం పంపుతున్నారా? నా టార్గెట్ మీద మీకేం కక్షండీ?"

"ఆ ముసలమ్మను చూసి నువ్వే చెప్పవయ్యా, పంపాలా వద్దా."

అతను రాజవ్వను, ఆ ఎర్ర అంకెలను చూశాడు. "నేను వినలేదనుకోండి," అని లోపలికి వెళ్లి, కాసేపటికి ఆవిడకు చాయ్ పంపించాడు.

పోర్ట్‌లో ఒక చిక్కుంది. పాత సిమ్ ఆగి కొత్తది మొదలయ్యే మధ్యలో కొన్ని గంటలు నంబరు అసలు పలకదు. ఆ రోజు పనికి సెలవు పెట్టి అత్తమ్మ పక్కనే ఉండమని ముందే చెప్పాను. అలాగే ఉంది.

కొత్త సిమ్ మొదలైన మర్నాడు డ్యూటీ అయ్యాక నేనే అమీర్‌పేట వెళ్లాను. యజమాని వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు. స్వరూపను మిషన్ దగ్గరే ఉండమని, నేను పైకి రోడ్డు మీదికొచ్చి నంబరు నొక్కాను. అటువైపు రింగు. తర్వాత కుట్టు మిషన్ల హోరు. దాని మీదుగా ఆమె గొంతు: "మోగింది సార్! మోగింది! ఏయ్ భాగ్యా, నాది సుత మోగిందే!"

భాగ్య అనడం కూడా వినిపించింది. "ఇగ సాలు, ఏడుస్తూ కుడితే సూది ఇరుగుతది."

దసరా ముందు స్వరూప మళ్లీ వచ్చింది. ఈసారి ఫోన్ పని కాదు. రాజవ్వ బేగంపేట వైపు వెళ్లిందట. ఒక ఆటో ఆయన జాకెట్ చూసి ఫోన్ చేశాడట. మొదటి రింగుకే ఎత్తింది. పరుగెత్తి వెళ్లేసరికి అత్తమ్మ ఆటోలో దర్జాగా కూర్చుని, నూలు ధర గురించి అతనితో వాదిస్తోందట. చెబుతూ నవ్వింది, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

తర్వాత కొంచెం తటపటాయించింది. "ఒకటడుగుత, కోపానికి రావొద్దు. కరెంటు పోతే వైఫై సుత పోతది కదా. నా నంబర్ కింద మీ నంబర్ కుట్టుకోనా?"

నేను వెంటనే కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని చదివి, అంకెలకెంత చోటు పడుతుందో మెడలోని టేపుతో అక్కడే కొలుచుకుంది.

అప్పటిదాకా కౌంటర్ దగ్గర నా మొదటి ప్రశ్న "ఏ ఫోను, ఏ నెట్‌వర్కు?" అని ఉండేది. ఆ తర్వాత దాన్ని రెండో ప్రశ్న చేశాను. మొదట అడిగేది, "ఎవరి కాల్ కోసం ఎదురుచూస్తున్నారు?" అని. దానికి జవాబు తెలిస్తే ఏ మీట కోసం వెతకాలో తెలుస్తుంది. కొన్నిసార్లు ఆ మీట అవసరమే ఉండదు.

కౌంటర్ ఉద్యోగం కూడా మానేశాను. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టమంటుంది మా ఆవిడ. పెట్టను. రాజవ్వ జాకెట్ చేతి మీద రెండో వరుస నాది. ఇంతవరకు మోగలేదు. మోగిన రోజున ఏం చెప్పాలో మాత్రం తెలుసు. ఫోన్ ఒకసారి ఆవిడ చెవి దగ్గర పెట్టమంటాను. నూలు వస్తున్నది అవ్వా, అక్కడే కూర్చో, అంటాను.