మామకు వినపడ్డ చెక్క

దయ్యాలు, గాలి సోకుడు అసొంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మే ఇంట్ల పుట్టలేదు కూడా. మా నాన్నది చిక్కడపల్లిల ఫర్నిచర్ పని. గల్లీల ఎవరన్న వచ్చి, "మా తలుపు దానంతటదే తెరుసుకుంటుంది, ఇంట్ల ఏదో ఉన్నది" అంటే, నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని పోయి తలుపు కీలు బిగించి వచ్చేటోడు. వానకు చెక్క ఉబ్బుతది, ఎండకు ఇంకుతది, అప్పుడు చప్పుడు చేస్తది. ప్రతి చప్పుడుకు ఒక కారణం ఉంటదని వినుకుంటనే పెరిగిన.

అందుకే ఇది రాయడానికి ఇన్నేండ్లు ఎనుకాడిన. ఇందుల దయ్యం లేదు. చచ్చిపోయినోళ్లు లేరు. నేను భయపడ్డది కూడా లేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజులు యాదికొస్తే ఇప్పటికీ ఒక్క దగ్గర కూసోబుద్ధి కాదు, అంత సంతోషం. కానీ జరిగినదానికి కారణం మాత్రం నాకు దొరకలేదు.

శ్రీహరి మామ మా అమ్మ తమ్ముడు. నారాయణగూడల ఉంటడు. పెండ్లిళ్ల ఆర్కెస్ట్రాల గిటారు వాయించేటోడు. ఆయన దగ్గరున్నది మామూలు గిటారే, కానీ మనసంత ఇంకో రకం మీద ఉండేది. దాన్ని ఆర్చ్‌టాప్ అంటరు. మామూలు గిటారు ముందు చెక్క పీట లెక్క సాపుగ ఉంటది. ఆర్చ్‌టాప్‌ది వయొలిన్ లెక్క మధ్యల ఉబ్బి, అంచులకు దిగుతది. నడుమ గుండ్రటి రంధ్రం ఉండదు, రెండు దిక్కుల రెండు వంకర కోతలుంటయి. చెక్కను వంచి ఆ ఉబ్బు తేరు. మందమైన దిమ్మెను ఉలితోని తొలుసుకుంట తొలుసుకుంట తీయాలె. నా చిన్నప్పుడు మామ దాన్ని ఒక హోటల్ల, ఎక్కడి నుంచో వచ్చిన కళాకారుని చేతిల చూసిండు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా గదే ముచ్చట.

2009ల మామకు పెద్ద జబ్బు చేసింది. నెలల తరబడి సూదులు ఇచ్చిన్రు. జబ్బు తగ్గింది, ఆ మందుకు చెవులు పోయినయి. రెండూ. వినికిడి మిషన్లు పెట్టి చూసిన్రు, పని చెయ్యలే. డాక్టర్ పరీక్ష కాయితం మీద గీత చూపెట్టి, ఇంక రాదని చెప్పిండు.

మామ గిటారు ఎవరికో ఇచ్చేసిండు. అశోక్‌నగర్‌ల జిరాక్స్ షాపు పెట్టుకున్నడు. ఊర్లకెల్లి వచ్చి హాస్టళ్లల్ల ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లలతోని ఆ గల్లీలు నిండి ఉంటయి, గిరాకీకి కొదవ లేదు. ఎన్ని కాపీలో వేళ్లతోని చూపెడితే సాలు. పెదవులు చూసి మాట పట్టుకునుడు నేర్సుకున్నడు. ఎప్పుడు నవ్వుకుంటనే ఉండేటోడు. షాపు ముందటి నుంచి పెండ్లి బారాత్ పోతే మాత్రం లోపలికి పోయి, ఏం పని లేకున్నా మిషన్ తుడుసుకుంట నిలబడేటోడు.

నేనప్పుడు హిమాయత్‌నగర్‌ల ఒక ఇంటీరియర్ ఆఫీసుల డ్రాయింగులు గీసేదాన్ని. నాన్న షెడ్డుల ఆడుకుంట పెరిగిన కాబట్టి ఉలి, చిత్రిక పట్టే రంద చేతికి అలవాటే. 2011ల ఒకరోజు, మామ కోసం ఆర్చ్‌టాప్ చేస్త అని నాన్నకు చెప్పిన.

"వినపడని మనిషికి గిటారు ఎందుకు బిడ్డా?" అన్నడు నాన్న.

"చేతుల పట్టుకుంటడు గద" అన్న. నాన్న షెడ్డుల కిటికీ పక్క బల్ల ఖాళీ చేసి ఇచ్చిండు.

మామకు తెల్వనియ్యొద్దని అమ్మతోని, నాన్నతోని ఒట్టు పెట్టించుకున్న. మామ భార్య, మా అత్తకు కూడా చెప్పలే. చేతకాక మధ్యల ఇడిసిపెడితే ఆయనకు ఇంకో దెబ్బ అయితదని నా భయం.

ముందు చెక్కకు స్ప్రూస్, వెనుకకు మేపుల్. రెండూ మన దిక్కు పెరగయి, బయటి దేశం నుంచి తెప్పించిన. పాడు చేస్తే ఇంకో చెక్క తెప్పించుకునే తాకత్ నాకు లేదు.

ఉద్యమం నడుస్తున్నది, బందులు ఎక్కువున్న రోజులవి. బందు అంటే ఆఫీసు లేదు, షెడ్డుల కోత మిషన్ లేదు, రోడ్డు మీద బస్సు లేదు. పొద్దున్నే పోయి కూసునేదాన్ని. గుండ్రటి ఉలితోని తొలిస్తే స్ప్రూస్ పొట్టు సన్నగ చుట్టలు చుట్టుకుంట లేస్తది. దాని వాసన నిమ్మ తొక్క లెక్క ఉంటది. ఉబ్బు బయటపడుతుంటే అన్నం యాది ఉండేది కాదు. అమ్మ టిఫిన్ డబ్బా పంపేది, సాయంత్రం అట్లనే వాపస్ పోయేది.

చెక్క కొంత పలచబడ్డంక దాన్ని కొసన రెండు వేళ్లతోని వేలాడబట్టి, ఇంకో చేతి కణుపుతోని తట్టి వినాలె. మందంగ ఉన్నప్పుడు తలుపు కొట్టినట్టు దబ్‌మంటది. పలచబడితే మోగుతది. ఆ మోత ఎంత కిందికి దిగింది, ఎంతసేపు నిలిచింది అనేదాన్ని బట్టి యాడ గీకాలె, యాడ ఆపాలె అన్నది తెలుస్తది. మొదటిసారి నా చేతిల అది గంట లెక్క మోగింది. మళ్ల మళ్ల తట్టిన.

అప్పుడే ఫోన్‌ల మామ మెసేజ్ వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలల్ల తెలుగు. "నాకిప్పుడు ఏదో చప్పుడు వినపడ్డది."

చెవులు తిరిగొచ్చినయనుకున్న. చెక్క బల్ల మీద పెట్టి, పొట్టు అంటిన బట్టలతోనే అశోక్‌నగర్‌కు ఉరికిన. బందు కాబట్టి మామ సగం షట్టరు దించి షాపు నడుపుతున్నడు. ఇద్దరు పిల్లలు కాయితాలు పట్టుకుని నిలబడ్డరు. ఆయన వాళ్లను చూస్తలేడు.

"కుడి చెవుల" అన్నడు నన్ను చూసి. "టంగ్, టంగ్ అని. చెక్క మీద కొట్టినట్టు. ఎన్నిసార్లో వచ్చింది."

నాకు చెక్క ముచ్చట తట్టనే లేదు. అంత సంతోషంల ఉన్న. తెల్లారి అత్తతోని కలిసి డాక్టర్ దగ్గరికి తీస్కపోయినం. మళ్ల పరీక్ష చేసిన్రు. గీత పాత గీతనే. చెవులు పోయినోళ్లకు ఒక్కోసారి లేని చప్పుళ్లు వినపడుతయని డాక్టర్ చెప్పిండు. మేం వాపస్ వచ్చినం.

ఆదివారం మళ్ల చెక్క తట్టిన. మళ్ల మెసేజ్. ఆ వెనుక ఆదివారం గూడ అంతే. అప్పటికి చెక్కను ఇంకా పలచ చేసిన. ఆ రోజు మామ రాసింది చదివి ఉలి కింద పెట్టిన. "ఇయ్యాల చప్పుడు మారింది. జర కిందికి దిగింది."

పలచబడ్డ చెక్క మోత కిందికి దిగుడు నిజం. నా చెవులకు అదే వినపడ్డది. మామ ఆ టైముకు నారాయణగూడల తన ఇంట్ల ఉన్నడు. ఆడికి చెక్క చప్పుడు కాదు గద, మా కోత మిషన్ చప్పుడు గూడ పోదు.

ఇంక ఆగలేక అత్తకు అంతా చెప్పిన. ఆమె ముందు నవ్వింది, తర్వాత పరేషాన్ అయింది. ఒక పని చేద్దామనుకున్నం. మామకు ఏం చెప్పకుండ, చప్పుడు వస్తే వేలెత్తుమని మాత్రం సైగ చేసి అత్త పక్కన కూసుంటది. నేను షెడ్డుల ఫోన్ చెవికి పెట్టుకుని, నాకు ఇష్టమొచ్చినప్పుడు తడుత. నేను తట్టిన చప్పుడు ఫోన్‌ల ఆమెకు వినపడకుండ నా దిక్కు మైకు బంద్ చేసిన.

నాన్న నా పక్కన నిలబడ్డడు. నేను తట్టిన.

"ఎత్తిండు" అన్నది అత్త.

కొంచెం ఆగి రెండుసార్లు తట్టిన. "ఎత్తిండు. మళ్ల ఎత్తిండు." చానాసేపు ఊకున్న. ఆమె గూడ ఊకున్నది. నాన్న తన కణుపుతోని బల్ల మీద కొట్టిండు. ఏం లేదు. టేకు పలక తట్టిండు, ఇనుప రాడు తట్టిండు. ఏం లేదు. తర్వాత నా చేతిల ఉన్న చెక్కను తనే మెల్లగ ఒక్కసారి తట్టిండు.

"ఎత్తిండు" అన్నది అత్త.

నాన్న పోయి ఫ్యాన్ బంద్ చేసిండు, మళ్ల వేసిండు. కారణం వెతుకుతున్నడని నాకు అర్థమైంది.

ఆ వారం నాకు నిద్ర పట్టలే. ఆఫీసుల గీతలు తప్పు గీసి తిట్లు తిన్న. అయినా మొఖం మీది నవ్వు పోలే.

చెక్క ఆఖరి దశకు వచ్చింది. కుడి దిక్కు అంచుకు దగ్గర ఒక జాగ బొటనవేలికి ఇంకా మందంగ తగులుతున్నది. మందం కొలిచి చూసినా అదే చెప్పింది. ఉక్కు రేకు తీసుకుని గీకుడు మొదలుపెట్టిన. నాలుగుసార్లు గీకి, తట్టి చూసి, మళ్ల రేకు ఆనించిన. ఫోన్ మోగింది.

"ఆగు."

అంతే రాసి ఉన్నది. మామకు అప్పటికి గూడ నేనేం చేస్తున్ననో తెల్వదు. అత్త నోరు ఇప్పలే. నేను రేకు కింద పెట్టి, ఎందుకో చెక్కను ఎత్తి కిటికీల ఎండకు పట్టిన. పలచటి స్ప్రూస్‌ల నుంచి వెలుతురు మసకగ కనపడుతది. నేను గీకుతున్న జాగల, పైపొర కిందనే, గోరంత పొడుగు నల్లటి గీత. బంక నిండిన సందు. చెట్టు బతికున్నప్పుడే లోపల పడ్డది. ఇంకో రెండుసార్లు గీకితే అది నోరు తెరిచేది. చెక్క పగిలేది.

చెక్క బల్ల మీద పెట్టి పోయి మామను చేయి పట్టుకుని తీస్కొచ్చిన.

షెడ్డుల చెక్కను చూసిండు. ఉబ్బు మీద అరచెయ్యి పెట్టిండు. వంకర కోతల కోసం నేను గీసిన పెన్సిల్ గీతలు చూసి, అదేందో ఆయనకు ఇంకెవ్వరూ చెప్పే పని పడలే.

"నాకా?" అన్నడు.

తలూపిన. చెక్క తట్టిన. "గిదే" అన్నడు. కొంచెం దూరం జరుగుమన్నడు, బయటికి పోయి గల్లీ మొగ దగ్గర నిలబడి మళ్ల తట్టుమని సైగ చేసిండు. వాపస్ వచ్చి చెప్పిండు. "దగ్గరున్నా అంతే, దూరమున్నా అంతే. చప్పుడు పెరుగుతలేదు, తగ్గుతలేదు."

"మరి ఆగుమని ఎందుకు రాసినవ్?" పెదవులు తెలిసేటట్టు మెల్లగ అడిగిన.

"ఆ చప్పుడు పగలబోతున్నదనిపించింది. ఎవలకు చెప్పాల్నో తెల్వలే. నీకు రాసిన."

మిగిలిన పనంత ఇద్దరం కలిసి చేసినం. పక్క చెక్కలు వేడి గొట్టం మీద వంచుతుంటే ఆయన పట్టుకునేటోడు. గిటారు మెడ ఆయన చెయ్యికి తగ్గట్టు చెక్కిన. పాలిష్ పదేపదే పట్టిచ్చినం. 2012ల తీగలు ఎక్కినయి.

తీగలు వేసిన రోజు నారాయణగూడల వాళ్లింట్ల కూసున్నం. మామ గిటారు ఒళ్లె పెట్టుకున్నడు కానీ మీటలే. భయపడ్డడేమో. నా చేతికిచ్చి, "నువ్వు కొట్టు" అని కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. నాకు వాయించుడు రాదు. ఒక్కో తీగ మీటిన.

"మూడోది జర తక్కువుంది" అన్నడు కిటికీలకెల్లి చూసుకుంటనే.

నా దగ్గర స్వరం చూపెట్టే చిన్న మిషన్ ఉన్నది. పెట్టి చూస్తే, నిజంగనే తక్కువ. మామ గిటారు తీసుకుని మర తిప్పిండు. నేను మిషన్ కనపడకుండ చేతుల దాచిన. ఆరు తీగలు ఆయనే సరి చేసిండు. తర్వాత మిషన్ పెడితే ఆరింటికి పచ్చ లైటే వెలిగింది.

అత్త చాయ్ గ్లాసులు పట్టుకుని వెనుక నిలబడ్డది. చెవులొచ్చినయేమోనని గట్టిగ ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. పెండ్లయినంక ఎన్నడూ అట్ల పిలువలేదట. మామ తిరగలే. అప్పుడే వాయించుడు మొదలుపెట్టిండు. మూడేండ్లు మూలకు పడ్డ వేళ్లు, తడబడ్డయి, మళ్ల దారికొచ్చినయి. నేను నవ్వుతున్ననో ఏడుస్తున్ననో నాకే తెల్వలే. అత్త మాత్రం గ్లాసులు పట్టుకునే కింద కూసున్నది.

ఆయనకు ఈ రోజుకు గూడ ఆ ఒక్క గిటారే వినపడుతది. హారన్ వినపడదు, దీపావళి పటాకలు వినపడవు. డాక్టర్‌కు చెప్తే, వాద్యం ఒంటికి ఆనుతది కాబట్టి ఎముకల నుంచి మోత పోతదేమో అన్నడు. మరి చిక్కడపల్లిల తడితే నారాయణగూడల ఎట్ల వినపడ్డదని అడిగిన. ఆయన పాత పరీక్ష కాయితం ఇంకోసారి చూసి, "దానికి నా దగ్గర మాట లేదమ్మా" అన్నడు.

మామ మళ్ల ఆర్కెస్ట్రాకు పోవుడు మొదలుపెట్టిండు. వేరే వాద్యాలు వినపడవు కాబట్టి డ్రమ్స్ కొట్టేటోని చేతులు చూసుకుంట వాయిస్తడు. అప్పుడప్పుడు పాట ముందుగాల్నే ఎత్తుకుంటడు. ఎవ్వరూ ఏమనరు.

2014ల విద్యానగర్ పిల్లగాడొకడు అడిగితే ఇంకో ఆర్చ్‌టాప్ చేసిన. ఈసారి చెయ్యి ఇంకా తేటగ నడిచింది. ముందు చెక్క తట్టినన్ని రోజులు మామ ఏం రాయలే. ఆఖరికి చెక్కను షాపుకే తీస్కపోయి ఆయన ముందట తట్టిన. తల అడ్డంగ ఊపిండు. "చెక్క మంచిగనే కనపడుతుంది బిడ్డా. నాకైతే వినపడ్తలేదు."

చుట్టాలందరూ ఒకటే అంటరు, మొదటిది ప్రేమతోని చేసినవ్ కాబట్టి అని. వినడానికి బాగుంటది. కానీ చెక్కుతున్నప్పుడు నా మనసుల ఏముండేనో నాకు తెలుసు. చెక్క మందం, చెయ్యి నొప్పి, కరెంటు పోతదేమో అన్న రంది. మామ ముఖం యాదికొచ్చింది తక్కువే. మరి కారణం అది గూడ కాదు.

నాన్న ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ షెడ్డు గోడలు తట్టి చూస్తడు. నేను చదవని పుస్తకం లేదు, అడగని మనిషి లేడు. ఏం దొరకలే. మామను, నీకు తెలుసుకోబుద్ధి కాదా అని ఒకసారి అడిగిన. నా పెదవులు చూసి, అర్థం చేసుకుని, "వినపడుతుంది గద" అన్నడు. అని మళ్ల వాయించుకుంట కూసున్నడు.