నాయిన గీసిన పాదాల అక్షరాలు

మా చిన్నప్పుడు... వనపర్తిలో మా ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఏదో ఒక రేకు బోర్డు ఆరుతూ ఉండేది. మా నాయిన షాపులకు బోర్డులు రాసేవాడు.

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎవరైనా కాగితం మీద రాసిస్తే, ఆ అక్షరాలను బొమ్మల్లా చూసి గీసేవాడు. సుద్ద పూసిన దారం రేకు మీద బిగించి కొడితే తెల్లటి గీత పడేది. అట్లా గళ్ళు కొట్టి, అక్షరానికి ఒక గడి. ఎమ్ అయినా, ఐ అయినా గడి ఒకటే. గీతలన్నీ ఒకే మందం. నిలువు గీతల చివర్లలో అడ్డంగా మందపాటి పట్టీలు... వాటిని పాదాలు అనేవాడు. పైనున్నా పాదాలే.

ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. ఎరువు బస్తాల మీద చూశాడని అమ్మ అనేది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు వీపనగండ్ల నుంచి చంద్రయ్య వచ్చాడు. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే పని ఆయనది. అన్నాళ్ళూ ఇంటి ముందు చేసిన పనికి ఇప్పుడు షాపు పెడుతున్నాడు. 'మోటార్ వైండింగ్' అని ఇంగ్లీషులో కావాలన్నాడు.

నాయిన గీస్తుంటే నేను నా ఇంగ్లీషు పుస్తకం తెచ్చి చూపించాను. ఐ అంటే ఒట్టి నిలువు గీత, పాదాలు ఉండవన్నాను. తప్పు రాస్తే అందరూ నవ్వుతారని కూడా అన్నాను. నాయిన ఆ పేజీ చాలాసేపు చూశాడు. తర్వాత కిరోసిన్ గుడ్డతో రెండు ఐల పాదాలూ తుడిచేశాడు.

షాపు తెరిచే రోజు నేనూ వెంట వెళ్ళాను. బోర్డు ఎక్కించారు. చంద్రయ్య రోడ్డుకు అవతల నిలబడి చూశాడు. అంత గడిలో ఒంటి గీత... అటూ ఇటూ ఖాళీ. ఒకే మాట ముక్కలు ముక్కలుగా కనిపించింది.

"ఏంది పెయింటరన్నా, పండ్లూడిన నోరు లెక్కుంది. గిది నాకొద్దు, దించు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొబ్బరికాయ కొట్టడానికి ఇంకో గంటే ఉంది.

నాయిన నా పేరు చెబుతాడని ఎదురుచూశాను. చెప్పలేదు. తప్పు తనదేనని, జర ఆగమని చెప్పి నిచ్చెన ఎక్కాడు. దారం లేదు, సుద్ద లేదు. ఎండలో, కంటి కొలతతోనే రెండు ఐలకూ పాదాలు వేశాడు. మాట మళ్ళీ ఒకటైంది. చంద్రయ్య కొబ్బరికాయ తెమ్మన్నాడు.

తిరుగు బస్సు ఎక్కాం. ఊరు దగ్గర పడ్డాక నాయిన అన్నాడు.

"పుస్తకంల అక్షరం పండుకోని ఉంటది బిడ్డా. బోర్డు మీద నిలవడాలె గద."

ఇప్పుడు నేను వనపర్తిలోనే ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాను. కంప్యూటర్లో పాదాలున్న ఫాంట్లు ఎన్నో ఉన్నాయి. ట్రాక్టర్ సామాన్ల షాపులకు, మోటార్ల షాపులకు అవే వాడతాను. దూరం నుంచి గట్టిగా కనిపిస్తాయి. ఐ వచ్చినప్పుడు మాత్రం కుర్చీ వెనక్కి జరిపి ఒకసారి చూస్తాను.

చంద్రయ్య షాపు మీదా ఇప్పుడు ఫ్లెక్సీయే... నేను చేసిందే. రెండేళ్ళ ఎండకు వెలిసి చినిగింది. చినిగిన చోట వెనక పాత రేకు కనిపిస్తోంది. దాని మీద ఒక ఐ, పాదాలతో, అట్లాగే నిలబడి ఉంది.

మీ ఊళ్ళో చేత్తో రాసిన బోర్డు ఇంకా ఏదైనా మిగిలి ఉందా... ఉంటే ఫోటో పెట్టండి. రాసిందెవరో తెలిస్తే ఆ పేరు కూడా.