సభ బల్లలు చరిచిన రోజు

అందరూ ఆమెను చేతులక్క అనేవారు. చెల్లెలికి పుట్టుచెవుడు. ఆమెతో మాట్లాడాలనే చిన్నప్పుడే సైగల భాష నేర్చుకుంది. దేశానికి కొత్త రాజ్యాంగం రాస్తున్న రోజుల్లో, సభ చర్చలను టీవీలో సైగలతో చెప్పే పని దొరికింది. తెర మూలన అరచేయంత గడిలో అక్క కనిపిస్తుంటే చెల్లెలు కుర్చీలోంచి కదిలేది కాదు.

ముసాయిదాలో ఒక వాక్యం ఉంది. చెవిటివాళ్లు కోర్టు మెట్లెక్కితే, సైగలు తెలిసిన మనిషిని ప్రభుత్వమే పెట్టాలని. జడ్జి అడిగింది అర్థంకాక తలూపినందుకు, చేయని దొంగతనానికి చెల్లెలు ఒకప్పుడు జైలుకెళ్లింది. అందుకే ఆ వాక్యం సభలో చదివిన రోజు ఇద్దరికీ పండగే అయింది.

చివరి వారం రెండు పెద్ద పార్టీలు తలుపులు వేసుకుని కూర్చున్నాయి. బయటికొచ్చేసరికి ఒకరికి ఎగువసభలో అదనపు సీట్లు, ఇంకొకరికి గవర్నర్ పదవులు. ఖర్చు ఎక్కువన్న వంకతో ఆ వాక్యం ఎగిరిపోయింది. నిన్నటిదాకా దానికోసం గొంతు చించుకున్న సభ్యుడే లేచి, “ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను” అన్నాడు. సైగల్లోనూ ‘నేను’ అనే చెప్పాలి. ఆమె తన గుండెమీద చేయి పెట్టుకుని ఆ మాట చెప్పింది. సభ బల్లలు చరిచింది. అదీ ఆమె చేతులతో చూపించింది.

నడవాలో ఆ సభ్యుడు మిఠాయి నములుతూ ఎదురయ్యాడు.

“రామ్మా, ఫొటో దిగుదాం. నువ్వుంటే నిండుగా ఉంటుంది.”

“మావాళ్ల వాక్యం ఏమైంది సార్?”

“పట్టువిడుపులు లేకుండా రాజ్యాంగం అవుతుందా తల్లీ? ఇంద, నోరు తీపి చేసుకో.”

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. “మీ ఎంగిలి మాటలు మోసి ఇవి కంపు కొడుతున్నాయి సార్. మిఠాయి కూడానా?”

ఇంట్లో చెల్లెలు మొహం తిప్పుకుంది. చూపు కలపకపోతే ఆ ఇంట్లో ఇక మాట లేనట్టే. మర్నాడు పొయ్యి దగ్గర చేతులు కదిపింది: “మనస్ఫూర్తిగా అని నువ్వే అన్నావు.”

“వాడన్నాడు.”

“నాకు కనపడింది నువ్వే.”

అక్క ఆ ఉద్యోగం మానేసింది. కొత్త రాజ్యాంగం మీద ప్రజల ఓటింగు పెడితే అక్కాచెల్లెళ్లు వద్దన్నారు. దేశం అవునంది, బాణసంచా కాల్చింది. ఇప్పుడామె ఎవరూ పిలవకపోయినా చెవిటివాళ్ల వెంట కోర్టులకు వెళ్తోంది. మొన్న ఒక కూలీ కేసులో, “ఏ హక్కుతో వచ్చావు?” అని జడ్జి బయటికి పంపించాడు. ఆమె వసారాలో కిటికీ ఎదుట నిలబడి కూలీకి సైగ చేసింది. జడ్జి బంట్రోతుచేత కిటికీ మూయించాడు.