చాచా దాచిన దవాఖాన చిట్టీ

చాచా పోయారని నాకు ఫోన్ చేసి చెప్పింది ఆయన కొడుకు. నేను అప్పుడు మిషన్ మీద స్కూలు యూనిఫాం అంచు మడుస్తున్నాను. "అక్కా, అబ్బా ఇగ లేడు" అన్నాడు, అంతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకిచ్చిన మాటొకటి పదమూడేళ్లుగా నా మెడ మీదే ఉంది. మెల్లగా చెప్పవచ్చులే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు అడిగేవాడే లేడు.

జనగామలో మా పక్కిల్లే వాళ్లది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల కింద చాచా బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారు. అమ్మకం, కౌలు, దానం, పంపకం, ఏదైనా సరే ఆయన పద్ధతి ఒక్కటే. రాసింది పైకి రెండుసార్లు చదివేవారు. తర్వాత కలం మూత పెట్టి, సంతకమో వేలిముద్రో వేయాల్సిన మనిషి వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవారు. కాగితంలో ఏముందో ఆ మనిషి తన మాటల్లో చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి. వెనక నిలబడ్డవాళ్లు ఎంత విసుక్కున్నా ఆయనకు పట్టేది కాదు. ఒకసారి జఫర్‌గఢ్ రైతొకాయన అలా చెబుతూ చెబుతూ, పొలంతో పాటు బావి కూడా పోతోందని అప్పుడే తెలుసుకుని, కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. బేరం చెడగొట్టానని చాచా రోజంతా సంబరపడ్డారు.

నాకు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. రెండోసారి గర్భసంచి తీసేశారు. మొగుళ్లపల్లిలో ఉండే మా పెదనాన్న కూతురు, నాకు అక్క, ఇద్దరు పిల్లల తల్లి, తనే వచ్చి అడిగింది. "నీ బిడ్డను నేను మోస్తనే" అంది, బిందె ఎత్తిపెడతానన్నంత తేలిగ్గా. హైదరాబాదు ఆసుపత్రివాళ్లు మా పిండాన్ని అక్క కడుపులో పెట్టేముందు ఇంగ్లిషులో పది పన్నెండు పేజీల ఒప్పందం చేతిలో పెట్టారు. అప్పటికి ఈ పనికి చట్టమంటూ లేదు. ఏవో మార్గదర్శకాలున్నాయనేవారు, మేమైతే చూడలేదు. చాచా ఆ కాగితాలు రెండు రోజులు దగ్గర పెట్టుకుని చదివారు.

"మీ అక్క ఏమేం చెయ్యొద్దో అంత మంచిగ రాసిన్రు. ఆమెకు ఏమన్నయితే ఎవలు చూడాలె? ఒక్క ముక్క లేదు" అన్నారు. ఆ ముక్క తెలుగులో తనే రాసి జతచేశారు. "చట్టం లేని కాడ మనిషి జర ఎక్కువ భయపడాలె బిడ్డా" అన్నారు. నేను ఆయన చెప్పకముందే భయపడుతున్నాను, కానీ అక్క కోసం కాదు. బిడ్డ నాకు దక్కుతుందో లేదోనని.

ఎనిమిదో నెలలో అక్క మా ఇంటికి వచ్చింది. ఆ వెంటనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మా ఆయన బస్సు కండక్టరు, రోజూ సమ్మె శిబిరంలోనే ఉండేవాడు. ఆఫీసులు మూత, కోర్టుల్లో వకీళ్లు లేరు, రోడ్ల మీద వంటావార్పు. తెలంగాణ రావాలని నేనూ బతుకమ్మ ఎత్తుకుని ఊరేగింపులో నడిచిన మనిషినే. అయినా రోడ్డు మూసిన ప్రతిసారీ అక్క నెలలు లెక్కపెట్టుకునేదాన్ని. కాన్పు హైదరాబాదులో కావాలి, అక్కడి డాక్టర్లకే మా సంగతంతా తెలుసు.

అనుకున్నంతా అయింది. మూడు వారాల ముందే, పట్టపగలు, అక్కకు నొప్పులు మొదలయ్యాయి. హైదరాబాదు రోడ్డు మీద రాస్తారోకో, ముందుకు పోలేమన్నారు. జనగామలోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. అక్కడే నేను చేయకూడని పని చేశాను. చేరిక చిట్టీ నింపమంటే, అక్క పేరు రాయాల్సిన చోట నా పేరు రాశాను. నా పాత రిపోర్టులు కూడా జతపెట్టాను. కాన్పయిన మనిషి పేరే పుట్టిన సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుందని తెలుసు. ఒక్క పేరు మారిస్తే పీడా పోతుంది కదా అనుకున్నాను. మా ఆయన చూసి కూడా ఏమీ అనలేదు.

చాచా ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని నడిచి వచ్చారు. కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేని మనిషి. చిట్టీ చదివారు, నా ముఖం చూశారు.

"గిదేంది బిడ్డా?"

"అక్క పేరు రాస్తే బిడ్డ నాది కాదు చాచా."

"బిడ్డ ముచ్చట తర్వాత. లోపలున్నది మీ అక్క. ఆమెకు ఏమన్నయితే ఎవలు పోయిన్రని రాస్తరు? నువ్వు పోయినవనా?"

ఆయన గొంతు తగ్గించి అడిగారు. "నీ రక్తం, ఆమె రక్తం ఒక్కటేనా?"

కాదు. నా రిపోర్టుల మీద నా గ్రూపే ఉంది.

చాచా చిట్టీ మీద నా పేరు కొట్టేసి, పైన అక్క పేరు రాసి, కొట్టివేత పక్కన దస్తావేజుల్లో పెట్టినట్టే పొడి సంతకం పెట్టారు. నా రిపోర్టులు తీసి నా చేతికిచ్చారు. కౌంటర్లో ఆమె గయ్యిమంది. "తప్పు నాదే అమ్మా, నేనే రాసిచ్చిన. ముసలోణ్ని, కండ్లు కనవడ్తలేవు" అన్నారు. నలభై ఏళ్లలో ఒక్క అక్షరం తప్పు రాయలేదని గొప్పగా చెప్పుకునే మనిషి ఆ మాట అన్నారు. కొత్త చిట్టీ నింపి, పాతది మడిచి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం లోపే ఆడపిల్ల పుట్టింది. అక్కకు రక్తం ఆగలేదు. రెండు సీసాలు ఎక్కించారు, అక్క పేరు మీద, అక్క గ్రూపుదే. నా పేరే ఉండి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ తలచుకోవడానికి ధైర్యం చాలదు.

సర్టిఫికెట్‌లో తల్లి అక్కే అయింది. అంటే నా బిడ్డను నేనే దత్తత తీసుకోవాలి. కానీ ఆఫీసు తెరిస్తే కదా. సమ్మె ముగిసేదాకా బిడ్డ అక్క పాలే తాగింది. అక్క ఒళ్లో దాన్ని చూసిన ప్రతిసారీ, ఇక ఇవ్వదేమో అనుకునేదాన్ని. నా కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషిని అనుమానించానే అని మళ్లీ నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఆఫీసు తెరిచిన రోజు చాచా దత్తపత్రం రాసి రెండుసార్లు చదివారు. కలం మూత పెట్టారు. "ఇప్పుడు నువ్వు చెప్పు బిడ్డా" అన్నారు అక్కతో. అక్క బిడ్డను ఒళ్లో సర్దుకుంది.

"గిది నా చెల్లె బిడ్డ. నా కడుపుల వెరిగింది. చెల్లెది చెల్లెకే ఇస్తున్న, అది గుంజుకున్నట్టు గాదు" అంది. తర్వాత నా వైపు చూసి, "బిడ్డకు బుద్ధి తెలిసినంక చెప్పాలె. నన్ను దాచొద్దు" అంది.

"గది కాగితంల వట్టేది గాదు" అన్నారు చాచా. నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు." చెబుతానని చాచా ముందు మాటిచ్చాను.

తెలంగాణ వచ్చేనాటికి మా అమ్మాయికి మూడేళ్లు నిండలేదు. చదువు చాచా బల్ల దగ్గరే మొదలుపెట్టింది. ఏ పాఠమైనా పైకి రెండుసార్లు చదివించి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవారు. మొగుళ్లపల్లి నుంచి అక్క వస్తే "పెద్దమ్మా" అని మెడకు వేలాడుతుంది. దానికి అంతవరకే తెలుసు.

రెండు మూడేళ్ల కిందట ఈ పనికి చట్టం వచ్చినప్పుడు చాచా పేపరు పట్టుకుని వచ్చారు. మోసే తల్లికి బీమా, తల్లిదండ్రులెవరో ముందే తేల్చే కోర్టు ఉత్తర్వు, అన్నింటి కిందా కలంతో గీతలు. "మనం చీకట్ల తడుముకున్నయన్ని గిండ్ల ఉన్నయి" అన్నారు. కలం మూత పెట్టి, "బిడ్డకు చెప్పినవా?" అన్నారు. పరీక్షలు కానియ్ చాచా, అన్నాను. ఆయన పేపరు మడుచుకుని వెళ్లిపోయారు. మళ్లీ అడగలేదు.

మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక చాచా కొడుకు నా పేరు రాసిన కవరు ఒకటి ఇచ్చాడు. అందులో ఆ పాత చిట్టీ ఒక్కటే ఉంది. మిషన్ సొరుగులో పడేసి రెండు రోజులు ఆ మిషన్ మీదే కుట్టాను. సూది రెండుసార్లు విరిగింది. చిట్టీని మాయం చేయడం ఎంత సులువు, పొయ్యి పక్కనే ఉంది. కానీ ఆరోజు కౌంటర్ ముందు ఆ ముసలాయన నా తప్పు తన నెత్తిన వేసుకుని నిలబడ్డది గుర్తొచ్చింది.

నిన్న సాయంత్రం బడి నుంచి రాగానే మా అమ్మాయిని పిలిచి చిట్టీ చేతిలో పెట్టాను. అలవాటుగా పైకి చదివింది. కాన్పు కోసం చేరిక. కొట్టేసిన నా పేరు. పైన పెద్దమ్మ పేరు. పక్కన చాచా పొడి సంతకం. తారీఖు దగ్గర ఆగింది, అది తను పుట్టిన రోజు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి నెమ్మదిగా, రెండోసారి చదివింది.

చదివి, చిట్టీ మడత మీద మడిచి ఒళ్లో పెట్టుకుని, నా ఎదురుగా కింద కూర్చుంది.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా" అంది.